ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ మార్పించా: గుజరాతీ గల్లీ నుంచి జగదీష్ మార్కెట్ దాకా నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో బ్యాటరీ మార్చొచ్చు. అన్నిట్లోనూ కుదరదు, కానీ మనం అనుకునే దానికంటే ఎక్కువ వాటిలో కుదురుతుంది, మార్చే మనుషులు హైదరాబాద్‌లోనే ఉన్నారు, సెల్ కూడా ఇక్కడే దొరుకుతుంది. నేను ఎవరిని అడిగినా మొదట వచ్చిన సమాధానం ఒకటే, "అవి యూజ్ అండ్ త్రో బాస్, కొత్తవి తీస్కో." ఎనిమిది వేలు పెట్టి కొన్న వస్తువు, సౌండ్ బాగుంది, మైక్ బాగుంది, బ్లూటూత్ బాగుంది, లోపల ఒక్క సెల్ ముసలిదైపోయిందని మొత్తం పారేయమంటే నాకు మింగుడు పడలేదు. అందుకే జరిగింది మొత్తం రాస్తున్నా, ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని.

నావి కాడ లేని రకం, గుండ్రంగా చెవిలో కూర్చునేవి. కొని రెండేళ్ళు దాటింది. కొత్తలో ఏఎన్‌సీ (బయటి శబ్దాన్ని తగ్గించే ఫీచర్) ఆన్‌లో పెట్టినా ఐదు గంటలు ఈజీగా వచ్చేవి. నేను కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌లో బ్లూ లైన్ మారి రాయదుర్గం వెళ్తా, దారి పొడుగునా కాల్సే, కాల్‌లో ఉన్నప్పుడు ఎక్కువగా కుడి బడ్ ఒక్కటే పెట్టుకుంటా, రెండో చెవికి స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినపడాలి కదా. దాంతో కుడిదే ముందు పడిపోయింది. ఎడమది ఇంకా మూడు గంటలు లాగుతుంటే కుడిది గంట కూడా ఉండేది కాదు, చివర్లో అయితే అమీర్‌పేట్‌లో దిగి మెట్లెక్కే లోపే టుంగుమని ఆగిపోయేది. ఇంకోటి గమనించా, యాప్‌లో 60 శాతం అని చూపిస్తుంది, రెండు పాటలు అయ్యేసరికి 10 అంటుంది, కేస్‌లో పెట్టి వెంటనే తీస్తే మళ్ళీ 50 అంటుంది. ఇలా అంకెలు గెంతుతుంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం వస్తుంది కానీ చాలాసార్లు కారణం సెల్లే. లిథియం సెల్ పాతబడే కొద్దీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఊరికే ఉన్నప్పుడు వోల్టేజ్ బాగానే కనిపిస్తుంది, కరెంట్ లాగగానే ఢమాల్‌మని పడిపోతుంది, బడ్ ఆ పడిపోయిన వోల్టేజ్ చూసి ఛార్జ్ అయిపోయిందనుకుని ఆఫ్ అయిపోతుంది.

అయినా డబ్బులు పెట్టే ముందు మిగతావి చూసుకోవాలి. కేస్‌లో బడ్ కూర్చునే చోట చిన్న పిన్నులు ఉంటాయి, బడ్ మీద వాటికి సరిపడా బంగారు రంగు చుక్కలు ఉంటాయి, అక్కడ చెమట, చెవి గుమిలి చేరితే సరిగ్గా ఛార్జ్ ఎక్కదు, మనం బ్యాటరీ పోయిందనుకుంటాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిచా, రీసెట్ చేశా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశా. తర్వాత రెండూ ఫుల్ ఛార్జ్ చేసి, ఏఎన్‌సీ ఆఫ్ చేసి, ఒకే వాల్యూమ్‌లో పాటలు పెట్టి వదిలేశా. కుడిది అప్పుడు కూడా గంటలోపే పోయింది. ఇక సందేహం లేదు.

ఇంత త్వరగా ఎందుకు పోతాయి అంటే, ఫోన్‌లో ఇప్పుడు మామూలుగా 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, నా బడ్‌లో ఉన్నది 55. అంటే ఫోన్ బ్యాటరీలో 90వ వంతు. ఆ కాస్త సెల్‌ని రోజూ పూర్తిగా ఖాళీ చేస్తాం, నింపుతాం. లిథియం సెల్స్ సాధారణంగా 300 నుంచి 500 సైకిల్స్‌కి మొదటి కెపాసిటీలో 80 శాతానికి వచ్చేస్తాయి, రోజుకో సైకిల్ వేసుకున్నా ఏడాదిన్నర లోపే. పైగా కేస్‌లో పెట్టిన ప్రతిసారీ వంద శాతానికి నిండి అక్కడే కూర్చుంటాయి, ఫుల్ ఛార్జ్‌లో ఉండటం, వేడి, ఈ రెండూ కలిస్తే లిథియం సెల్‌కి బాగా చేటు. మే నెలలో ఎండలో పార్క్ చేసిన కార్లో కేస్ వదిలేసేవాళ్ళు మనలో ఎంతమంది లేరు.

సరే, సర్వీస్ సెంటర్‌కి వెళ్ళా. కంపెనీ పేరు అనవసరం, నేను విన్నంతలో చాలామంది పద్ధతి ఇదే. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "సార్, వారంటీ ఏడాదే సార్, అయిపోయింది. ఇందులో బ్యాటరీ పార్ట్‌గా రాదు, బడ్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. కుడి బడ్ ఒక్కటే తీసుకుంటే మూడు వేల పైన. వారంటీలో ఉన్నప్పుడు వస్తే ఏం చేసేవాళ్ళని అడిగా, అప్పుడు కూడా ఓపెన్ చెయ్యరంట, కొత్త పీస్ ఇచ్చేస్తారంట. మరి పాత పీస్ ఏమవుతుందంటే పైకి పంపిస్తాం అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, అతని స్క్రీన్ మీద ఉన్న పార్ట్స్ లిస్ట్‌లో బ్యాటరీ అనే లైనే లేదు. కానీ అరిగిపోతుందని తయారు చేసేవాళ్ళకి ముందే తెలిసిన ఒకే ఒక్క పార్ట్‌ని లిస్ట్‌లోనే పెట్టకపోవడం ఏంటండీ. బండి కొన్నాక టైర్లు అరిగితే బండి మార్చమని ఎవరైనా అంటారా.

ఇంటికొచ్చి నా మోడల్‌ని ఎవరైనా విప్పారేమో అని వెతికితే ఫోటోలు దొరికాయి. లోపల ఉన్నది కాయిన్ సెల్, చొక్కా గుండీ సైజులో స్టీల్ డబ్బా, దాని మీద 1254 అని ఉంది. ఈ నంబర్ తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మొదటి 12 అంటే వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు, 54 అంటే ఎత్తు 5.4 మిల్లీమీటర్లు. ఇలాగే 1454, 1654 కూడా ఉంటాయి, ఇంకా చిన్నవీ ఉంటాయి. జర్మనీ కంపెనీ వార్టా (VARTA) వాళ్ళ సీపీ1254, చైనా జెనీపవర్ వాళ్ళవి ఈ సైజులో బాగా తెలిసినవి, పెద్ద పెద్ద బ్రాండ్లు కూడా వాటినే కొని వేసుకుంటాయి. సైజు స్టాండర్డ్ కాబట్టే బయట దొరుకుతుంది.

బడ్స్ అన్నీ ఇలా ఉండవు. 2016లో మొదటి ఎయిర్‌పాడ్స్ వచ్చినప్పుడు వస్తువులు విప్పి రిపేర్‌కి మార్కులు వేసే ఐఫిక్సిట్ వాళ్ళు విప్పి చూసి 10కి సున్నా ఇచ్చారు, మొత్తం జిగురే, సెల్ కాడలో దూర్చి ఉంటుంది, దాన్ని పాడు చెయ్యకుండా లోపలికి వెళ్ళే దారే లేదని. 2019లో శాంసంగ్ మొదటి గెలాక్సీ బడ్స్ వస్తే అదే ఐఫిక్సిట్ 6 ఇచ్చింది, అందులో ఉన్నది కాయిన్ సెల్, జాగ్రత్తగా తెరిస్తే మార్చుకోవచ్చు. రెండూ చెవిలో పెట్టుకునే బుల్లి వస్తువులే, తేడా మొత్తం డిజైన్ చేసేవాళ్ళ నిర్ణయంలో ఉంది. చిన్నగా ఉంది కాబట్టి రిపేర్ కాదు అనే మాట నేను అప్పటి నుంచి నమ్మడం మానేశా.

శనివారం కోఠీ వెళ్ళా. కేపీహెచ్‌బీ నుంచి రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగితే గుజరాతీ గల్లీకి నడిచి పోవచ్చు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి ఆ గల్లీ గురించి చెప్పక్కర్లేదు, ఇంజనీరింగ్ ప్రాజెక్టులకి రెసిస్టర్లు, ఐసీలు, సెన్సర్లు కొనుక్కున్నది అక్కడే. సందులు ఇరుకు, షాపులు ఇంకా ఇరుకు, కానీ కావాల్సింది పేరు పెట్టి అడిగితే డబ్బాల్లోంచి తీసి చేతిలో పెడతారు. పేరు తెలియకుండా "ఇయర్‌బడ్స్ బ్యాటరీ ఉందా" అంటే మాత్రం లేదనే అంటారు. 1254 అంటే ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది భద్రతకి సంబంధించిన విషయం. మొదటి షాపులో గుండ్రటి సెల్ ఒకటి చూపించి "ఇది పెట్టుకోండి సార్, సైజు అదే" అన్నారు. చూస్తే 3 వోల్టులు అని ఉంది, ముందు సీఆర్ అక్షరాలు ఉన్నాయి. సీఆర్ అంటే ఛార్జ్ ఎక్కించకూడని లిథియం సెల్, కారు తాళాల్లో, గడియారాల్లో వాడేది. అది బడ్‌లో పెట్టి కేస్‌లో ఛార్జ్‌కి వేస్తే ఉబ్బొచ్చు, లీక్ అవ్వొచ్చు, పేలొచ్చు కూడా. చెవిలో పెట్టుకునే వస్తువు అది. షాపాయన కావాలని ఇవ్వలేదు, రోజూ వచ్చే బేరం రిమోట్ సెల్స్‌దే కాబట్టి అలా ఇచ్చాడు. ఛార్జ్ అయ్యే సెల్ మీద 3.6 లేదా 3.7 లేదా 3.85 వోల్టులు అని ఉంటుంది, ఎల్ఐఆర్ అనో లిథియం అయాన్ అనో రాసి ఉంటుంది. ఏమీ రాసి లేని సెల్ ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

రెండోది, 3.7 కి 3.85 కి తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. 3.7 సెల్‌ని 4.2 వోల్టుల దాకా నింపుతారు, 3.85 రకం ఇంకా పైదాకా, 4.35, 4.4 దగ్గరదాకా వెళ్తుంది. నా బడ్‌లో కంపెనీ వేసింది 3.85 అని ఫోటోలో స్పష్టంగా ఉంది. అంటే బోర్డు మీద ఛార్జింగ్ ఐసీ (ఛార్జ్‌ని నియంత్రించే చిప్) ఆ పై వోల్టేజ్‌కి సెట్ అయ్యి ఉంటుంది, అందులో 3.7 రకం పెడితే ప్రతిసారీ మోతాదుకి మించి ఛార్జ్ ఎక్కిస్తుంది. తిరగేసి 3.7 కోసం చేసిన దాంట్లో 3.85 పెడితే ప్రమాదం లేదు, కాస్త తక్కువ నిండుతుంది అంతే. కాబట్టి పాత సెల్ మీద ఏముందో అదే కావాలి.

గల్లీ లోపల ఇంకో షాపులో పెద్దాయన ఒకాయన ఉన్నారు, ఫోటో చూపించగానే "ట్యాగ్ ఉన్నదా, ప్లెయిన్‌దా బాబూ" అని అడిగారు. ఆ ప్రశ్న వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే తెలిసినవాళ్ళే ఆ ప్రశ్న అడుగుతారు. ట్యాగ్ అంటే సెల్ రెండు వైపులా స్పాట్ వెల్డింగ్ చేసిన సన్నటి నికెల్ పట్టీలు. కొన్ని బడ్స్‌లో స్ప్రింగ్ కాంటాక్ట్ ఉంటుంది, ప్లెయిన్ సెల్ నొక్కి పెడితే చాలు. నావాటిలో పట్టీల చివరలు బోర్డుకి సోల్డర్ చేసి ఉన్నాయి. ప్లెయిన్ సెల్ కొని దాని మీద డైరెక్ట్‌గా సోల్డర్ పెడితే ఆ వేడికి లోపలి సీల్ పాడవుతుంది, కొత్త సెల్ కొన్న రోజే సగం చచ్చిపోతుంది. ఆయన ట్యాగ్ ఉన్నవి తీసి, నేను అడగకముందే మల్టీమీటర్ పెట్టి చూపించారు, 3.8 దగ్గర. ఒకటి 2.6 చూపించింది, దాన్ని ఆయనే పక్కన పడేశారు, "ఇది ఎప్పటి నుంచో ఉన్న మాల్, వద్దు" అన్నారు. ఎక్కువ కాలం నిలవుండి అంత కిందికి దిగిపోయిన సెల్‌ని మళ్ళీ లేపినా నమ్మకం ఉండదు. రెండు సెల్స్, ఒక్కోటి 450. రెండు ఎందుకంటే ఎడమది కూడా అదే వయసు, ఎలాగూ ఇంకో ఆర్నెల్లకి మళ్ళీ రావాల్సిందే.

అక్కడి నుంచి ఆటోలో ఆబిడ్స్, జగదీష్ మార్కెట్. డిస్‌ప్లే కాంబోలు, ఛార్జింగ్ జాక్‌లు, బ్యాక్ గ్లాసులు, ఫోన్‌కి సంబంధించి అక్కడ అవ్వని పని లేదు. బడ్స్ అనగానే మాత్రం చాలామంది చెయ్యి ఊపేశారు. ఒకతను నిజాయితీగా చెప్పాడు, "ఒక డిస్‌ప్లే మార్చే టైమ్ పడతది అన్నా, పైసలు అంత అడిగితే కస్టమర్ ఇయ్యడు, పగిలితే మళ్ళా లొల్లి." అది నిజమే, తప్పు పట్టలేం. చివరికి పై అంతస్తులో మైక్రోస్కోప్ పెట్టుకుని బోర్డు పని చేసే ఒకతన్ని ఎవరో చూపించారు. బడ్ తీసుకుని గోటితో అతుకు చుట్టూ తడిమి, "తీస్త అన్నా. కానీ గ్యారంటీ ఇయ్య. క్లిప్పు ఇరగొచ్చు, నీళ్ళ సీలు పోతది, చెమటకి వాడొద్దు. ఒప్పుకుంటే కూసో" అన్నాడు. రెండింటికీ కలిపి ఎనిమిది వందలు. ముందే ఇన్ని చెప్పేవాడి చేతిలో పెట్టడానికి నాకు భయం వెయ్యలేదు, కూర్చున్నా.

పని మొత్తం కళ్ళారా చూశా, అందుకే వివరంగా రాయగలుగుతున్నా. ముందు రబ్బరు టిప్ తీసేశాడు. హాట్ ఎయిర్ మిషన్‌ని బాగా తక్కువ వేడిలో పెట్టి, దూరం నుంచి, అతుకు చుట్టూ తిప్పుతూ మధ్యమధ్యలో వేలితో ముట్టుకుని చూస్తున్నాడు. ఎందుకు అలా అంటే "లోపల సెల్ ఉన్నది కదన్నా, చెయ్యి పెట్టగలిగినంత వేడే ఇయ్యాలె" అన్నాడు. జిగురు మెత్తబడ్డాక పల్చటి ప్లాస్టిక్ పిక్ దూర్చాడు. బ్లేడ్ ఎందుకు వాడట్లేదని అడిగా, బ్లేడ్ జారి సెల్‌కి గీసుకుంటే షార్ట్ అయి మంట లేస్తుందని, అదీ కాక లోపల స్ట్రిప్ తెగుతుందని. ఆ స్ట్రిప్ దగ్గరే అసలు గండం. పైమూతలో టచ్ సెన్సర్, యాంటెనా ఉంటాయి, అక్కడి నుంచి కింది బోర్డుకి ఒక సన్నటి ఫ్లెక్స్, అంటే వంగే పట్టీ లాంటి వైరు వస్తుంది, అదే ఆ స్ట్రిప్, పొడవు చాలా తక్కువ. మూత ఊడింది కదా అని లాగితే తెగిపోతుంది, తెగితే బడ్ చెత్తబుట్టకే. మూతని పుస్తకం తెరిచినట్టు ఒక పక్కకి మాత్రమే తెరవాలి, ఏ పక్కకో నా ఫోన్‌లో ఉన్న ఫోటో చూసి నిర్ణయించుకున్నాడు. ఆ ఫోటో లేకపోతే నేను ముట్టేవాణ్ణి కాదు అని కూడా అన్నాడు. కాబట్టి మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా మీ మోడల్ విప్పిన ఫోటోలు ముందే దింపుకుని వెళ్ళండి, పనివాడికి అంతకంటే పెద్ద సాయం లేదు.

పాత సెల్ బయటికి వచ్చాక నాకో సంగతి చూపించాడు. మీటర్ పెడితే 4 వోల్టుల పైనే ఉంది. "బాగనే ఉన్నది కదా అనుకుంటవ్" అని చిన్న రెసిస్టర్ అడ్డం పెట్టాడు, చూస్తుండగానే 3.3 కి దిగిపోయింది. కొత్త సెల్‌కి అదే రెసిస్టర్ పెడితే కాస్త కదిలి నిలబడింది. యాప్‌లో అంకెలు గెంతడం నేను ఇన్నాళ్ళు చూసింది ఇదే, టేబుల్ మీద కళ్ళెదురుగా.

సెల్ మీద వేడి పడకుండా పట్టీ చివర, బోర్డు దగ్గర మాత్రమే సోల్డర్ కరిగించి తీశాడు. కొత్తది పెట్టే ముందు ప్లస్ మైనస్ మీటర్‌తో చూసుకుని, పట్టీలు పాతవాటి కొలతకి కత్తిరించి, ఒకదానికొకటి తగలకుండా కరెంట్ పారనివ్వని కాప్టాన్ టేప్ చుట్టి, ఒక్క చుక్క సోల్డర్. అంతా అయ్యాక టచ్ చేస్తే ఏమీ లేదు. లైట్ లేదు, శబ్దం లేదు. నా మొహం చూసి అతను నవ్వి, "ఆగన్నా, కేసుల పెట్టు" అన్నాడు. కేస్‌లో పెట్టగానే లైట్ వెలిగింది. సెల్ ఒకసారి విడదీసి మళ్ళీ కలిపితే సెల్‌ని కాపాడే చిప్ (ప్రొటెక్షన్ ఐసీ) పడుకుని ఉంటుంది, ఛార్జర్ కరెంట్ తగిలితేనే లేస్తుంది. ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళు ఇక్కడ కంగారుపడి మళ్ళీ విప్పి ఏదో ఒకటి తెంపుకుంటారంట.

జిగురు పెట్టకముందే ఫోన్‌కి కనెక్ట్ చేసి, పాట పెట్టి, కాల్ చేసి, టచ్ చూసి, కాసేపు ఛార్జ్‌లో పెట్టి వేడెక్కుతుందా అని పట్టుకుని చూశాం. అన్నీ బాగున్నాకే బీ-7000 జిగురు, అది కూడా అతుకు అంచున సన్నగా, మైక్ రంధ్రం మీద జాలీకి తగలకుండా. రబ్బరు బ్యాండ్ వేసి ఇచ్చాడు, ఒక రోజంతా ముట్టుకోవద్దన్నాడు. ఎడమది తీసేటప్పుడు లోపలి క్లిప్పు ఒకటి విరిగింది, ముందే చెప్పిన మాటే కాబట్టి నేనేం అనలేదు, అతనే బాధపడి ఆ చోట జిగురు ఇంకొంచెం పెట్టాడు.

అది ఆరే లోపు యూరప్‌లో, మన దగ్గర చట్టాలు ఏమంటున్నాయో చదివా. యూరప్‌లో 2023లో కొత్త బ్యాటరీ చట్టం వచ్చింది, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలని కొనుక్కున్న మనిషే తీసి మార్చుకునేలా ఉండాలి. నీళ్ళలో తడుస్తూ వాడేవి, కడిగేవి లాంటి వాటికి సడలింపు ఉంది, వాటిలో రిపేర్ చేసేవాళ్ళు మారిస్తే చాలు. ఈ నీళ్ళ వంకతో కంపెనీలు బడ్స్‌ని తప్పించుకోకూడదని నా కోరిక, ఎందుకంటే ఫెయిర్‌ఫోన్ అనే నెదర్లాండ్స్ కంపెనీ 2024లో ఫెయిర్‌బడ్స్ తెచ్చింది, ఒక సిలికాన్ రింగ్ పక్కకి తీస్తే సెల్ చేతిలోకి వచ్చేస్తుంది, అయినా చెమట, చినుకులు తట్టుకునే ఐపీ54 రేటింగ్ ఉంది. ఐఫిక్సిట్ దానికి 10కి 10 ఇచ్చింది. అంటే జిగురు లేకుండా చెయ్యొచ్చని ఒకళ్ళు చేసి చూపించేశారు.

మన దగ్గర కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువుని రిపేర్ చేయించుకునే హక్కు) మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెచ్చింది, ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ యంత్రాలు అని నాలుగు రంగాలు పెట్టింది. 2024 సెప్టెంబర్‌లో రిపేరబిలిటీ ఇండెక్స్ (ఏ వస్తువు ఎంత సులువుగా రిపేర్ అవుతుందో చెప్పే రేటింగ్) కోసం ఇంకో కమిటీ వేశారు. ఈ లెక్కలోకి ఇయర్‌బడ్స్ కచ్చితంగా రావాలి. ఫోన్ బ్యాటరీ పోతే ఏ సందులో అయినా మారుస్తారు, బడ్స్‌కే ఆ దారి మూసేసి ఉంది, మెట్రోలో ఒక బోగీలో చూస్తే ఎన్ని చెవుల్లో అవి ఉంటాయో చూడండి. డబ్బా మీద స్టార్ రేటింగ్ ఉన్నట్టు "బ్యాటరీ మార్చొచ్చు" అని ఒక్క లైన్ ఉన్నా కొనేటప్పుడు అది చూసి కొంటాం.

ఇప్పుడు ఫలితం. ఏఎన్‌సీ ఆన్‌లో రెండూ నాలుగున్నర గంటలు పైనే వస్తున్నాయి, ఆఫ్‌లో ఇంకా ఎక్కువ. అంకెలు గెంతడం పోయింది. మొదట్లో ఎడమ దాంట్లో బేస్ తగ్గినట్టు అనిపించింది, క్లిప్పు విరిగిన చోట గాలి లీక్ అవుతోందని తర్వాత తెలిసింది. బడ్ లోపల గాలి బిగిసి ఉంటేనే బేస్, ఏఎన్‌సీ సరిగ్గా వస్తాయి. మళ్ళీ తీసుకెళ్తే పైసా తీసుకోకుండా అంచున ఇంకాస్త జిగురు నింపాడు, సరైపోయింది. వానలో వాడట్లేదు, జిమ్‌కి వేరే వైరుది పెట్టుకుంటున్నా. మొత్తం ఖర్చు 1700, ఆటోకి, మెట్రోకి వేరే. సర్వీస్ సెంటర్లో ఒక బడ్‌కి చెప్పిన దాంట్లో సగానికి కాస్త అటూ ఇటూ, రెండింటికీ.

పాత సెల్స్ రెండు వైపులా టేప్ అంటించి ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చా. ఊరికే చెత్తలో వేస్తే లారీలో నలిగి అంటుకునే అవకాశం ఉంది, చెత్త ఎత్తే మనుషులకి ప్రమాదం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదార్లదే, ఆ సంగతి మన షాపుల్లో ఎవరికీ తెలిసినట్టు లేదు, మీరైనా అడుగుతూ ఉండండి.

ఇది చూసి మా బావ తన బడ్స్ ఇచ్చి "నావి కూడా చేయించరా" అన్నాడు. ఆయనవి కాడ ఉన్న రకం. అదే మనిషి దగ్గరికి తీసుకెళ్తే చేతిలోకి తీసుకుని ఒక్క నిమిషం తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు. కాడ లోపల అగ్గిపుల్ల అంత సన్నటి సెల్ ఉంటుందంట, అతుకే లేకుండా కరిగించి మూసేశారు, కోస్తే తప్ప రాదు, కోస్తే మళ్ళీ అతకదు. "ఇది చెయ్యనన్నా, నీ పైసలు తీస్కొని ఖరాబు చేసినట్టయితది" అన్నాడు. బావవి నా వాటికంటే ఖరీదు ఎక్కువ, కొని రెండేళ్ళు కాలేదు, సౌండ్ ఇప్పటికీ అద్భుతంగా ఉంటుంది, ముప్పావు గంటకి ఆగిపోతాయి. కొత్తవి కొనాలనుకుంటున్నాడు, ఈసారి షాపుకి నేను కూడా వస్తానని చెప్పా, కాయిన్ సెల్ ఉన్న మోడల్స్ ఏవో, వాటిలో అతుకు తెరుచుకునేవి ఏవో ఫోటోలు చూసి లిస్ట్ రాస్తున్నాం.